సారక్క గోడమీది బిళ్ళలు

రెండువేల అయిదో సంవత్సరం వానాకాలంలో, ఒక గురువారం పొద్దున తొమ్మిదింటికి మా సారక్క ఇంటి ముందు మిలిట్రీ జీపు ఆగింది. నేను అప్పుడు ఆమె అరుగుమీదే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. జీపులోంచి ఒక ఆఫీసరు, నలుగురు జవాన్లు దిగారు. ఆఫీసరు ఎవరినీ పలకరించలేదు. నేరుగా వసారాలోకి వచ్చి, గోడకు బిగించిన చెక్కపలక ముందు నిలబడి, దానికి వేలాడుతున్న ఇత్తడి బిళ్ళల్ని ఒక్కొక్కటే వేలితో తాకుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఆయన వేలు కదులుతున్నకొద్దీ నా వేళ్ళు ఈనెలు తీయడం మరిచిపోయాయి. ఆ బిళ్ళల్ని అంతకుముందు అట్లా వేలుపెట్టి లెక్కపెట్టిన మనిషి మా బజారులో ఒక్కతే ఉంది. అది నేను.

ముందు సారక్క సంగతి చెప్పాలి. ఆమెది మంథని వైపు పల్లె. పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ ఊరి బట్టలు ఉతికినవాళ్ళే. ఆ పని ఇక వద్దని ఆమె భర్త లింగమూర్తి గోదావరిఖని వచ్చి బాయిలో చేరాడు. మేం బొగ్గుగనిని బాయి అనే అంటాం. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఒక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దిగేముందు ల్యాంపు రూంలో ఆ బిళ్ళ ఇచ్చి తలకు పెట్టుకునే దీపం తీసుకుంటాడు. బిళ్ళను పలకమీద అతని నంబరు మేకుకు తగిలిస్తారు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. మేకుకు బిళ్ళ ఉన్నదంటే ఆ మనిషి ఇంకా భూమి కిందే ఉన్నాడని అర్థం.

ఒక రోజు షిఫ్టు దిగి అందరూ ఇళ్ళకు వస్తుంటే లింగమూర్తి రాలేదు. సారక్క బాయి దగ్గరికి పరుగెత్తింది. ఎవరిని అడిగినా "వస్తరు, జర ఆలస్యమైతది" అన్నారు. ఆమె ల్యాంపు రూం కిటికీలోంచి తొంగిచూసింది. పలకంతా ఖాళీ. మూడు బిళ్ళలు మాత్రం వేలాడుతున్నాయి. అందులో ఒకటి నాలుగు వందల పన్నెండు. అది లింగమూర్తిది. ఆమెకు ఇంకెవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

భర్త ఉద్యోగం ఆమెకు వచ్చింది. ఎక్కడ వేశారనుకున్నారు? ఆ ల్యాంపు రూంలోనే. పదమూడేళ్ళు అదే పలకకు బిళ్ళలు తగిలిస్తూ, తీస్తూ గడిపింది. షిఫ్టు ముగిశాక ఒక్క మేకుకు బిళ్ళ మిగిలినా ఇంటికి వచ్చేది కాదు. ఆ మనిషి పైకి వచ్చి, తిట్టుకుంటూ దీపం బల్లమీద పెట్టేదాకా కూర్చునేది.

తర్వాత ఆ బాయి మూతపడింది. సారక్క ముందుగానే పదవీ విరమణ తీసుకుంది. వచ్చిన డబ్బుతో ఇంటికి స్లాబు పడింది, అంతే. బజారు కూడా పడుకుంది. షిఫ్టుకు పోయేవాళ్ళు లేనప్పుడు చాయ్ ఎవరు తాగుతారు, మిర్చి ఎవరు తింటారు? మా వరుసలో నాలుగు దుకాణాలు మూతపడ్డాయి.

అప్పుడు వచ్చింది క్యాంపు. అడవుల్లో ఉన్న అన్నల్ని, అంటే నక్సలైట్లను, పట్టుకోవడానికని కేంద్రం బలగాల్ని పంపింది. మూతపడిన బాయి పక్కన ఖాళీగా ఉన్న క్వార్టర్లలో దింపారు. వాళ్ళ అసలు పేరేమిటో మాకు నోరు తిరిగేది కాదు, మేమంతా మిలిట్రీ అనేవాళ్ళం. మొదటి వారం తలుపులు వేసుకుని కూర్చున్నాం. రెండో వారం అలీముద్దీన్‌ను పిలిచి రోజూ కోడిగుడ్లు ఎన్ని వెయ్యగలవని అడిగారు. మూడో వారానికి తలుపులన్నీ తెరుచుకున్నాయి.

అలీముద్దీన్ అప్పటిదాకా సైకిలుకు రెండు బుట్టలు కట్టుకుని గుడ్లు అమ్మేవాడు. ఆరునెలల్లో ట్రాలీ ఆటో కొన్నాడు. ఫోను డబ్బా పెట్టినతను రెండో లైను వేయించాడు, ఆదివారం జవాన్లు ఇళ్ళకు మాట్లాడటానికి బారులు తీరేవారు. దర్జీ, మంగలి, పాలవాళ్ళు అందరూ నిలదొక్కుకున్నారు. నా వెనక గది క్యాంపు వంటమనిషి అద్దెకు తీసుకున్నాడు. పాల ధర పెరిగింది, గది అద్దెలు పెరిగాయి, క్యాంపుతో బేరం లేనివాళ్ళు మమ్మల్ని తిట్టుకున్నారు. అదీ నిజమే. ఒకసారి టీవీలో బడ్జెటు చదువుతూ రక్షణకు ఇన్ని వేల కోట్లు అంటుంటే అలీముద్దీన్ లేచి నిలబడి సలాం కొట్టాడు.

"ఏందిరా గది?" అన్నాను.

"గండ్ల నా గుడ్లు గూడ ఉన్నయి గద లస్మక్క! డిల్లీల తుపాకులు కొంటరు, ఖనిల గుడ్లు కొంటరు. నేను లేకపోతే దేశం ఎట్ల నడుస్తది?"

క్యాంపు బట్టల పని సారక్కకు దొరికింది. ఏ పని వద్దని మొగుడు ఊరు విడిచి వచ్చాడో ఆ పనే మళ్ళీ చేతికి వచ్చిందని ఆమె బాధపడలేదు. "ఊరోళ్ళ బట్టలు ఉతికితె గింజలు వెట్టిండ్రు, దేశం బట్టలు ఉతికితె జీతమిస్తున్నరు" అనేది. కాని బట్టలు కలిసిపోతున్నాయి. తొంభై మందివీ ఒకే రంగు, ఒకే కుట్టు. అప్పుడు ఆమె తనకు తెలిసిన పనే చేసింది. తొంభై ఇత్తడి బిళ్ళలు చేయించి నంబర్లు కొట్టించింది. వడ్రంగి చేత పలక చేయించి తొంభై మేకులు దిగ్గొట్టించింది. జవానుకొక బిళ్ళ. బట్టలతో బిళ్ళ ఇస్తే మేకుకు తగిలిస్తుంది. ఉతికి ఇస్త్రీ చేసిన బట్ట తీసుకునేటప్పుడు బిళ్ళ తీసుకుపోవాలి. ఒక్క అంగీ తారుమారు కాలేదు. జవాన్లు మెచ్చుకున్నారు. ల్యాంపు రూంలో పలకను దాచేవాళ్ళెవరూ ఉండరు కదా. పెళ్ళాలూ పిల్లలూ వచ్చి చూసుకోవడానికే అది ఉండేది. సారక్క కూడా తన పలకను వీధిలోకి కనపడేట్టు వసారాలో పెట్టింది.

ఇక నా సంగతి. ఏ ఇంట్లో ఏ కూర వండుతున్నారో తెలియకపోతే నాకు ముద్ద దిగదు. రోజూ ఆ పలక ముందు కూర్చునేదాన్ని. కొన్నాళ్ళకు ఒక సంగతి పట్టుకున్నాను. మామూలు రోజుల్లో బిళ్ళలు ఇటొకటి అటొకటి ఖాళీ అవుతాయి. కొన్నిసార్లు మాత్రం ఒకే సాయంత్రం ఇరవై, ముప్ఫై మంది ఒక్కుమ్మడిగా వచ్చి బట్టలు తీసుకుపోతారు. తెల్లారితే రెండు లారీలు అడవి వైపు పోతాయి. రెండుసార్లు చూశాను, మూడోసారి నల్లా దగ్గర బిందె దించి చెప్పాను.

"చూస్తుండుండ్రి, రేపు రెండు లార్లు పోతయి."

పోయాయి. ఆడవాళ్ళు నోరు తెరిచారు. నాకు ఎంత గొప్పగా ఉందో చెప్పలేను. తర్వాత అది అలవాటైంది. పాలవాళ్ళు నన్ను అడిగి పాలు తగ్గించేవారు. అలీముద్దీన్ పొద్దున్నే అరుగు ముందు ఆటో ఆపి, "అక్కా, ఇయ్యాల నిండ తేవాల్నా, సగం తేవాల్నా?" అనేవాడు. బాయి షిఫ్టు మారితే చాయ్ దుకాణం పాలు ఎక్కువ కాచినట్టే మాకది. అందులో తప్పుందని మాలో ఒక్కరికి కూడా తోచలేదు.

ఆ వారం సోమవారం సాయంత్రం ఇరవై రెండు మేకులు ఒకేసారి ఖాళీ అయ్యాయి. నల్లా దగ్గర చెప్పాను. మంగళవారం వాన ఆగకపోవడంతో లారీలు కదల్లేదు. బుధవారం బయల్దేరబోయేముందు దారి చూడటానికి నడిచిపోయిన జవాన్లకు రోడ్డు మోరీ కింద తీగ కనపడింది. తీగకు అవతలి కొసన మందుపాతర ఉందట. ఎవరికీ ఏమీ కాలేదు. కాని లారీలు ఆ వారమే పోతాయని ఎవరికో తెలిసింది. తెలియజెప్పింది ఎవరు? ఆ ప్రశ్న పట్టుకునే గురువారం పొద్దున ఆ ఆఫీసరు సారక్క గోడ ముందుకు వచ్చాడు.

లెక్క ముగించి ఆయన వెనక్కి తిరిగాడు. ఆయనకు తెలుగు రాదు. సరిగ్గా అప్పుడే గుడ్లతో వచ్చిన అలీముద్దీన్‌ను పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు. అలీముద్దీన్ మొహం చూస్తే ఇవాళ సగం గుడ్లు పగిలినట్టుంది.

"ఈ పలక ఎవరు పెట్టమన్నరని అడుగుతున్నడు సారక్క."

"ఎవలు పెట్టమంటరు? నేనే పెట్టుకున్న. బట్టలు కలవద్దని."

"ఎవరెవరు చూస్తరని అడుగుతున్నడు."

"బజారంత చూస్తది. గోడమీదిది కొంగుల కట్టుకుంటనా?"

ఆఫీసరు గొంతు పెంచలేదు. మెల్లగా మాట్లాడేకొద్దీ భయం ఎక్కువైంది. పలకలో ఎన్ని మేకులుంటే క్యాంపులో అంతమంది ఉన్నట్టు. ఎన్ని ఖాళీ అయితే అంతమంది దారిమీద ఉన్నట్టు. శత్రువుకు ఇంతకన్నా ఏం కావాలి? ఆమెను జీపు ఎక్కించమన్నాడు. ఇద్దరు జవాన్లు ముందుకు వచ్చారు. వాళ్ళ బట్టలు కూడా ఆమె ఉతికినవే. చొక్కా మడతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఆ రోజుల్లో ఇన్‌ఫార్మరు అనే మాట పడితే బతుకు ముగిసినట్టే. ఇటువాళ్ళు అన్నా అంతే, అటువాళ్ళు అన్నా అంతే. సారక్క నావైపు చూడలేదు. నా పేరు ఎత్తలేదు. చూసినా బాగుండేది.

నేను లేచాను. ఒళ్ళోని చిక్కుడుకాయలు అరుగంతా చిందాయి.

"అలీముద్దీన్, చెప్పు సారుకు. నల్లా కాడ చెప్పింది నేను. సారక్కకేం ఎర్కలే."

అలీముద్దీన్ పెదవులు కదలకుండా గొణిగాడు. "అక్కా, నోరు మూస్కో. నీ మాట విని గుడ్లు తగ్గించింది నేను. నువ్వు పోతే ఎనుక నేను, నా ఎనుక పాలోళ్ళు. బజారంత పోవాల్నా?"

ఆఫీసరు ఏమంటోందని అడిగాడు. చిక్కుడుకాయల గురించి అన్నట్టు అలీముద్దీన్ ఏదో చెప్పాడు. నాకు అంతమాత్రం హిందీ అర్థమవుతుంది.

"ఝూట్! అబద్ధం!" అని అరిచాను. "సాబ్, మై బోలీ! నల్లా కే పాస్ మై బోలీ!"

"కిస్‌కో?" ఎవరికి చెప్పావన్నాడు ఆఫీసరు.

"సబ్‌కో! అందరికి!"

ఆయన జవాన్లవైపు తిరిగాడు. నన్ను కూడా ఎక్కించమన్నాడు.

చిక్కుడుకాయలు తొక్కుకుంటూ అరుగు దిగాను. అప్పుడు సారక్క జీపు మెట్టుమీద కాలు పెట్టి ఆగిపోయింది.

"ఎక్కుత సార్. ఎక్కడికన్న వస్త. మరి అరవై ఒకటి సంగతేంది?"

అలీముద్దీన్ చెప్పాడు. ఆఫీసరుకు అర్థం కాలేదు. సారక్క వెనక్కి వచ్చి పలకమీద ఒక బిళ్ళను చూపించింది. ఆ నంబరు దిగంబర్ అనే జవానుది. నాగపూర్ అవతలి మనిషి, ముప్ఫై అయిదేళ్ళుంటాయి, పెద్ద మీసాలు.

"ఆయన సెలవు మీద పోయిండంట. మంగళవారం పొద్దుగాలనే సంతకం పెట్టి గేటు దాటిండంట" అన్నాడు అలీముద్దీన్.

"అంగీ లేకుండనా?"

సారక్క లోపలికి పోయి కాగితంలో చుట్టిన పొట్లం తెచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. దిగంబర్‌కు బిడ్డ పుట్టి నెల అయింది, ఇంకా చూడలేదు. మొదటిసారి ఎత్తుకునేటప్పుడు మిలిట్రీ బట్ట వద్దని ఈ చొక్కా కొనుక్కున్నాడు. మంగళవారం పొద్దున స్టేషన్‌కు పోతూ తీసుకుంటానని చెప్పిపోయాడు. రాలేదు. రెండు రోజులుగా సారక్క ఆ మేకు చుట్టూ తిరగడం నేను చూశాను, బట్టలేవో లెక్క తప్పాయనుకున్నాను.

మరిచిపోయి ఉంటాడని ఆఫీసరు చెయ్యి విసిరాడు.

"సార్, నా పెనిమిటి బిళ్ళ గిట్లనే మేకుకు ఉన్ననాడు గూడ 'వస్తరు, జర ఆలస్యమైతది' అన్నరు. ఎవ్వలు రాలే. మీ కాయితంల ఆయన ఊరికి పోయిండు. నా పలకల ఇంక రాలే. ఏది నిజమో అర్సుకోండ్రి. తర్వాత నన్ను ఉరేసుకోండ్రి."

అలీముద్దీన్ ఈసారి ఒక్క మాట మింగకుండా చెప్పాడు.

ఆఫీసరు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఎదురుగా ఫోను డబ్బా ఉంది. దిగంబర్ ప్రతి ఆదివారం మాట్లాడే నంబరు అక్కడి పుస్తకంలో ఉంది. ఆఫీసరే వెళ్ళి ఫోను చేశాడు. మేం జీపు దగ్గర నిలబడే ఉన్నాం. అద్దాల వెనక ఆయన వీపు మాత్రమే కనపడుతోంది. మాట్లాడుతున్నవాడు మాట్లాడుతుండగానే ఆ వీపు నిటారైంది. బయటికి వచ్చి ఒక్క ముక్క అన్నాడు. దిగంబర్ ఇల్లు చేరలేదు.

సారక్క అప్పటికే చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంది. క్యాంపు వెనక గేటుకూ మా బజారుకూ నడుమ మూతపడిన బాయి నేల ఉంది. కింద బొగ్గు తీసిన చోటు, వానలకు కుంగుతుంది. చుట్టూ ముళ్ళకంచె, హెచ్చరిక పలక ఉన్నా ఆ వానకు కంచె కొట్టుకుపోయింది. మేమెవరమూ దాన్లో అడుగుపెట్టం, చుట్టూ తిరిగి వస్తాం. కొత్తవాడికి, బండి దొరకదేమోనని తొందరలో ఉన్నవాడికి అది దగ్గరి దారిలా కనపడుతుంది.

"నీ బట్టలారేసే తాళ్ళన్ని ఇప్పు లస్మక్క" అంది. ఆ పొద్దున ఆమె నాతో అన్న మొదటి మాట అది. నైలాను తాళ్ళు, ఆమెవీ నావీ, అన్నీ విప్పి భుజాన వేసుకున్నాం.

కంచె దగ్గర ఆమె ఒక కర్ర విరుచుకుని ముందు నిలబడింది. వెనక ఆఫీసరు, ఆయన వెనక జవాన్లు, చివర అలీముద్దీన్, నేను.

"నేను పెట్టిన అడుగులనే అడుగు పెట్టాలె. మాట్లాడద్దు."

కర్రతో నేలను పొడుస్తూ, చప్పుడు వింటూ నడిచింది. బోలుగా మోగిన చోట ఆగి పక్కకు తిరిగేది. ఇందాక ఆమెను జీపు ఎక్కించమన్న మనిషి ఆమె మడమల్నే చూస్తూ నడుస్తున్నాడు. ఒకచోట నా కాలికింద మట్టి జారింది. అలీముద్దీన్ నా రెక్క పట్టుకున్నాడు. "గిక్కడ గూడ ముచ్చట జూడనీకె వస్తివా అక్కా?" అన్నాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. నావో అతనివో తెలియదు.

సగం దూరం పోయాక సారక్క చెయ్యి ఎత్తింది. వాన చినుకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత దూలం గీసుకుపోయినట్టు సన్నగా మూలుగు వినపడింది.

రెండు నిలువుల లోతు గుంట. అడుగున మోకాలి లోతు నీళ్ళు, మట్టిపెళ్ళ మీద ఒరిగి దిగంబర్. కాలు విరిగింది. వాన నీళ్ళు తాగి రెండు రోజులు బతికాడు. తాళ్ళు పేని, సన్నగా ఉన్న జవానును దింపి, అందరం లాగాం. పైకి వచ్చినప్పుడు ఆ మీసాలు మట్టితో అట్టగట్టి ఉన్నాయి. కళ్ళు తెరిచి సారక్కను చూసి ఏదో అన్నాడు.

"ఏమంటున్నడు?" అన్నాను.

"చొక్కా అయిందా అంటున్నడు" అన్నాడు అలీముద్దీన్. అని, అక్కడే మట్టిలో చతికిలబడి ఏడ్చాడు.

దవాఖానకు తీసుకుపోయేముందు సారక్క ఇంటికి పరుగెత్తి చొక్కా పొట్లం, అరవై ఒకటో నంబరు బిళ్ళ తెచ్చింది. బిళ్ళ అతని గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూసింది. అప్పుడుగాని ఆమె కూర్చోలేదు.

మమ్మల్ని ఎవరూ జీపు ఎక్కించలేదు. కాని మరునాడు ఆఫీసరు మనుషులు వచ్చి పలక ఊడదీసుకుపోయారు. వెంట కొత్త నిబంధనలు వచ్చాయి. బట్టల పని సారక్కదే, కాని గేటు లోపలే ఉతకాలి, లోపలే ఆరెయ్యాలి. పలక కూడా లోపలే, తలుపున్న గదిలో. గుడ్లు, పాలు, కూరగాయలు ఇక మా బజారులో కొనరు, ఎక్కడినుంచో లారీలో వస్తాయి. జవాన్లు ఫోను కోసం కూడా బయటికి రారు. నెల తిరగకుండా అలీముద్దీన్ ట్రాలీ ఆటో అమ్మేసి మళ్ళీ సైకిలు ఎక్కాడు. నా వెనక గది ఖాళీ అయింది. ఫోను డబ్బాలో ఒక లైను తీసేశారు. నల్లా దగ్గరికి నేను పోతే మాటలు ఆగిపోయేవి. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ తిరిగి ఒకటి అనేదాన్ని.

బజారంతటిలో క్యాంపు కూడు మిగిలింది సారక్క ఒక్కదానికే. రోజూ పొద్దున గేటు దగ్గర కాపలా జవాను ఆమె పేరున్న బిళ్ళ ఒకటి మేకుకు తగిలించి లోపలికి పంపేవాడు. సాయంత్రం నాలుగింటికి తీసి చేతికిచ్చేవాడు. నేను మా గోడ దగ్గర నిలబడి ఆమె వచ్చేదాకా చూసేదాన్ని. ఆమె నా ముందునుంచే పోయేది, పలకరించేది కాదు. ఒక నెలరోజుల తర్వాత ఒక సాయంత్రం ఆగింది.

"లస్మక్క, సారు ముందట ఒప్పుకున్నవు. అది నిజమే. నల్లా కాడ చెప్పింది గూడ నిజమే. రెండు ఒకదాన్నొకటి కొట్టేసుకోవు."

"కొట్టేసుకోవు" అన్నాను.

"జర చాయ్ పొయ్యి" అంది.

మరో నాలుగేళ్ళకు క్యాంపు ఎత్తేశారు. పోతూ జవాన్లు సారక్క బిళ్ళలు సారక్కకు అప్పజెప్పారు. తెలంగాణ వచ్చిన ఏడు, బజారంతా గులాల్ చల్లుకుంటున్న రోజు, ఆమె అటకమీది రేకుడబ్బా దించి వాటిని చింతపండుతో తోమడానికి కూర్చుంది. నేను పక్కన కూర్చుని ఒక్కొక్కటే తుడిచి పేర్చాను. ఎనభై తొమ్మిది ఉన్నాయి. లేనిది అరవై ఒకటని కూడా చూసుకున్నాను.

"ఎన్నున్నయే?" అంది సారక్క, తల ఎత్తకుండా.

"నేను లెక్కవెట్టలే" అన్నాను.

ఆమె చేతిలోని చింతపండు పక్కన పెట్టి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.